స్టెంట్ పడ్డాక మంచి అలవాట్లు మూడో నెలలో జారిపోకుండా ఎలా నిలబెట్టుకోవాలి?

"నాయనకు స్టెంట్ వేసిండ్రు. మొదటి నెల చెప్పినట్టే విన్నడు. ఇప్పుడు మళ్లీ బీడీ, మళ్లీ తొక్కు. గోలీలు కూడా సక్కగ వేసుకుంటలేడు. ఏం చేయాలె?" నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. అడిగేది కొడుకో, కోడలో. ఒక్కోసారి పేషెంటే అడుగుతాడు.

స్టెంట్ అంటే గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలి గొట్టం. గుండెపోటు వచ్చిన మనిషిని మొదట్లో నడిపించేది భయం. నొప్పి పోయి, ఒంట్లో సత్తువ వచ్చి, ఊళ్లో తిరగడం మొదలయ్యాక ఆ భయం పలచబడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు దానికి. అలవాటు కుదరడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలం కావాలి. లండన్‌లో చేసి 2010లో అచ్చు వేసిన ఒక అధ్యయనంలో, ఒక చిన్న పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. అంటే భయం ముందే పోతుంది, అలవాటు వెనక వస్తుంది. ఈ మధ్య కాలంలో మనిషిని నిలబెట్టేది పట్టుదల కాదు, ఇల్లు. గోలీల డబ్బా ఎక్కడ ఉంది, కూరలో ఉప్పు ఎవరు వేస్తున్నారు, నడకకు తోడు ఎవరు, జేబులో అగ్గిపెట్టె ఉందా లేదా అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి. వీటిని సర్దుకోవడం ఎలాగో కింద చూద్దాం.

గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంట్ వేసుకున్నవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు ఇది పనికొస్తుంది. గుండె పంపింగ్ తగ్గిందని డాక్టరు చెప్పినవాళ్లు నీళ్ల విషయంలో, వ్యాయామం విషయంలో డాక్టరు మాటనే పట్టుకోవాలి. గోలీల మోతాదు ఎవరూ సొంతంగా మార్చవద్దు.

ముందు ఇది ఇంటిల్లిపాదికీ తెలియాలి

ఛాతీలో బరువు, బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కారణం లేని ఆయాసం వస్తే చేస్తున్న పని ఆపి కూర్చోబెట్టండి. డాక్టరు సార్బిట్రేట్ రాసి ఉంటే ఒక గోలీ నాలుక కింద పెట్టాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే రావచ్చు. "గ్యాస్ అయి ఉంటది" అని సోడా తాగించి గంట పోగొట్టుకోవడం ఎక్కువగా జరిగే తప్పు. బండి మీద కూర్చోబెట్టి నేరుగా హైదరాబాద్ తీసుకుపోవడం ఇంకో తప్పు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా అది వంద కిలోమీటర్ల దారి. ముందు ఈసీజీ తీసే దగ్గరి దవాఖానకు చేరాలి. రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది ఎంత తొందరగా పడితే అంత గుండె కండరం మిగులుతుంది.

ఏమేం కావాలి

- డిశ్చార్జి కాగితం జిరాక్సు రెండు కాపీలు, ఫోన్‌లో దాని ఫొటో. ఒక కాపీ పేషెంటు సంచిలోనే ఉండాలి.
- వారానికి సరిపోయే గోలీల డబ్బా. పొద్దున, రాత్రి అని వేర్వేరు గళ్లు ఉండాలి. మెడికల్ షాపులో దొరక్కపోతే మూతలున్న చిన్న డబ్బాలు పద్నాలుగు తీసుకుని వారం పేరు, పూట రాయండి.
- మోచేయి పైన పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మిషన్. మణికట్టుకు కట్టేది వద్దు, చేయి ఎత్తులో కొంచెం తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. మిషన్ కొనలేకపోతే పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో ఉచితంగా చూస్తారు.
- టైలర్ టేపు, 5 గ్రాములు పట్టే టీ చెంచా, గోడ క్యాలెండర్, దానికి దారంతో కట్టిన పెన్ను.
- ఇంట్లో ఒక మనిషి. పేషెంటు కోపం తెచ్చుకున్నా తాను కోపం తెచ్చుకోని మనిషి అయితే మంచిది. అందరూ కలిసి చెప్పడం మొదలుపెడితే పెద్దాయన ఎవరి మాటా వినడు.

1. గోలీ దేనికో రాసుకోండి

దేనికో తెలియని గోలీ ముందుగా ఆగిపోతుంది. ఒక తెల్లకాగితం మీద పేరు, పని, వేళ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి డబ్బా పక్కన అంటించండి. ఎక్కువ మందికి ఉండేవి ఇవి: ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, ఇవి స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టకుండా చూస్తాయి. అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్ కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది, రక్తనాళంలో పేరుకున్న కొవ్వు చిట్లకుండా కాపాడుతుంది. మెటోప్రొలాల్ గుండె వేగాన్ని అదుపులో పెడుతుంది. రామిప్రిల్ లేదా టెల్మిసార్టన్ బీపీకి, గుండె బలానికి.

రక్తం పలచన చేసే రెండు గోలీలూ గుండెపోటు తర్వాత మామూలుగా ఏడాది పాటు కలిపి ఇస్తారు. ఎంతకాలమన్నది డాక్టరే తేలుస్తారు. మొదటి నెలల్లో వీటిని ఏక్‌దం ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, ఏదైనా ఆపరేషన్ అన్నా, "బ్లడ్ థిన్నర్ ఆపి రండి" అని అక్కడివాళ్లు చెప్పినా, స్టెంట్ వేసిన డాక్టరును అడగకుండా ఆపవద్దు. మెటోప్రొలాల్ కూడా ఒక్కసారిగా మానేసేది కాదు.

గోలీలు మానేసేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది, అది చాలాసార్లు నిజమైన ఇబ్బందే. దాన్ని కొట్టిపారేయకండి. రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది, గోలీ మారిస్తే పోతుంది. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసం అనిపిస్తుంది. స్టాటిన్‌తో (కొలెస్ట్రాల్ గోలీతో) కొందరికి పిక్కలు, తొడలు నొప్పి పెడతాయి. మోతాదు తగ్గించో, రకం మార్చో సర్దుతారు. మూత్రం చాయ్ డికాషన్ రంగులో వస్తే మాత్రం అదే రోజు చూపించాలి. కడుపు మంటకు సొంతంగా ఒమెప్రజోల్ కొనకండి, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. రాసిచ్చిన గ్యాస్ గోలీనే వాడండి.

"కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది, ఇంక గోలీ ఎందుకు?" అంటారు. నార్మల్ వచ్చింది గోలీ వల్లనే. వాట్సాప్‌లో తిరిగే అల్లం, ఎల్లిగడ్డ, నిమ్మరసం కషాయం స్టెంట్‌ను కాపాడదు. అది తాగుతూ గోలీలు ఆపినవాళ్లు పెద్ద ప్రమాదంలో ఉన్నట్టే.

2. గోలీని గడియారానికి కాదు, చేసే పనికి ముడివేయండి

"పొద్దున 8 గంటలకు" అని పెట్టుకుంటే పత్తి ఏరే రోజుల్లో తప్పిపోతుంది. అప్పటికి చెలకలో ఉంటారు. పళ్లు తోముకోగానే, లేదా పొద్దుగాల చాయ్ గ్లాసు చేతికి రాగానే అని పెట్టుకోండి. ఆ పని ఎలాగూ ఏ రోజూ తప్పదు. డబ్బా కూడా ఆ చోటే ఉండాలి. బీరువాలో, దేవుని గూట్లో, మంచం కింద సంచిలో పెట్టిన గోలీలు ఇంట్లో ఉన్నా లేనట్టే. పిల్లలున్న ఇంట్లో చేతికందని ఎత్తులో, కంటికి కనపడేలా పెట్టండి.

ప్రతి ఆదివారం డబ్బా నింపేటప్పుడు మిగిలిన గోలీలు లెక్క పెట్టండి. ఒకటి మిగిలితే మామూలే. మూడు నాలుగు మిగులుతుంటే ఏ పూటవో చూడండి. రాత్రివే మిగులుతుంటే మతిమరుపు కాదు, రాత్రి తాగి పడుకుంటున్నాడో, తినకుండా పడుకుంటున్నాడో తెలుసుకోవాలి. గోలీ మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. తర్వాతి పూట దగ్గరపడితే దాన్ని వదిలేయాలి. రెండూ కలిపి వేసుకోవద్దు.

ఏడు రోజుల గోలీలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చుకోవాలి. పైసలకు ఇబ్బంది ఉంటే రోజు విడిచి రోజు వేసుకోకండి. జనఔషధి దుకాణంలో ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి, ప్రభుత్వ దవాఖానలో ఏవి ఉచితంగా దొరుకుతాయో అడగండి. ముంబై, పూణే వైపు పనికి పోయేవాళ్లు మూడు నెలల గోలీలు, మందుల చీటీ వెంట తీసుకుపోవాలి. మేస్త్రీకి కూడా చెప్పి ఉంచాలి. శివరాత్రి, తొలి ఏకాదశి ఉపవాసాల్లో గోలీ మానడం ఉండదు, నీళ్లతో వేసుకోవచ్చు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు నెల ముందే డాక్టరును కలిసి, ఉపవాసం ఉండొచ్చా, గోలీలు సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చా అడగాలి. షుగర్ గోలీలు, నీటి గోలీ (మూత్రం ఎక్కువ చేసి ఒంట్లో నీరు తగ్గించేది) ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

3. ఉప్పు: పేషెంటుకు కాదు, ఇంటికే తగ్గించండి

"ఆయనకు వేరుగా చప్పిడి కూర చేస్తున్నం" అనే ఇంట్లో ఆ పద్ధతి నెల రోజులకు మించి సాగదు. వేరు గిన్నె వంటింట్లో మీకు భారం, పళ్లెం ముందు ఆయనకు అవమానం. అందరికీ ఒకే కూర వండి, దాంట్లోనే తగ్గించాలి.

పెద్ద మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చదునైన టీ చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కూర, పప్పు, తొక్కు, బయటి తిండి అన్నీ కలిపి ఇంతే. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ముందు మీ ఇంటి లెక్క తేల్చండి. కిలో ప్యాకెట్టు విప్పిన రోజు దాని మీద తారీఖు రాయండి. నలుగురికి నెలకే అయిపోతే తొక్కు, మిక్స్చర్ కలపకుండానే తలా రోజుకు 8 గ్రాములు పైన పడుతున్నట్టు. తొక్కులోంచీ బయటినుంచీ వచ్చేది కూడా ఉంటుంది కాబట్టి ప్యాకెట్టు రెండు నెలలు రావడం మీ గురి.

ఒక్కసారిగా సగం చేయకండి. ఇంట్లో గొడవ అవుతుంది, నాలుగో రోజు పాత పద్ధతే వస్తుంది. చేత్తో వేయడం ఆపి చెంచాతో కొలిచి వేయండి. ఇప్పుడు నాలుగు చెంచాలు పడుతుంటే పది రోజులు మూడున్నర, తర్వాత పది రోజులు మూడు, అలా దిగండి. కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది, అప్పుడు పాత కూర ఉప్పగా అనిపిస్తుంది. నాలుక మారిందనడానికి అదే గుర్తు.

అన్నంలో, జొన్నరొట్టె పిండిలో, చల్లలో ఉప్పు పూర్తిగా ఆపేయవచ్చు. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పచ్చిపులుసులో చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర పెంచితే సగం ఉప్పుతో నిలబడుతుంది. కూరల్లో ఎల్లిగడ్డ, మిరియాలు, జీలకర్ర, దించాక పిండిన నిమ్మకాయ ఆ పని చేస్తాయి.

ఇక తొక్కు. మామిడికాయ తొక్కు బరువులో పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉప్పే ఉంటుంది. అన్నంలో రెండు పెద్ద చెంచాలు కలుపుకుంటే 3 గ్రాములు, రోజు కోటాలో సగం పైగా అక్కడే పోయింది. పూర్తిగా బంద్ అంటే దొంగచాటుగా తింటారు. జాడీని పళ్లెం దగ్గర పెట్టకుండా లోపలే ఉంచండి. వారానికి రెండు పూటలు, చిటికెన వేలి గోరంత. మిగతా రోజుల్లో అప్పటికప్పుడు చేసిన టమాట, బీరకాయ, గోంగూర పచ్చడి, ఉప్పు కొలిచి. అప్పడాలు, ఎండు చాపలు, చుడువ, మిర్చి బజ్జీ, చిప్స్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

సైంధవ లవణం మంచిదని ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. అదీ ఉప్పే, సోడియం దాదాపు అంతే ఉంటుంది. "లో సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు, రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. గ్యాస్‌కు తాగే సోడా పొడుల్లో కూడా సోడియం ఎక్కువే.

4. నూనె, మాంసం, దావత్

మనిషికి నెలకు అర లీటరు నూనె, నలుగురికి రెండు లీటర్లు. నెల మొదట్లో రెండు లీటర్లు వేరే డబ్బాలో పోసి పెట్టుకోండి, అది అయిపోతే నెల దాకా అంతే. పామాయిల్ బదులు పల్లి నూనె, కుసుమ నూనె, పొద్దుతిరుగుడు నూనె మార్చి మార్చి వాడండి. పూరీలు కాల్చిన నూనె మళ్లీ వేపుళ్లకు వాడవద్దు.

మన వైపు తిండిలో మంచివి చాలానే ఉన్నాయి: జొన్నరొట్టె, పప్పు ఆకుకూర, అంబలి, ఉడికించిన శనగలు, పెసలు. అన్నం తగ్గించి ఆ చోట కూర పెంచడమే మార్పు. గుప్పెడు పల్లీలు వేయించి తినవచ్చు, ఉప్పు వేయకుండా. తోలు తీసిన కోడి, చాపలు వారానికి రెండుసార్లు పరవాలేదు. మటన్ నెలకు ఒకటి రెండుసార్లు, కొవ్వు తీసేసి నాలుగైదు ముక్కలు. బోటీ, తలకాయ, మూలుగ బొక్క వద్దు.

దావత్‌కు ఆకలితో పోకండి. ఇంట్లో ఒక రొట్టె, ఒక గ్లాసు చల్ల తీసుకుని వెళ్తే అక్కడ చేయి ఆగుతుంది. "తినకపోతే బాధపడతరు" అనే చోట ఏమనాలో ముందే అనుకొని ఉండండి: "డాక్టరు పరీక్ష ఉంది, రెండు ముక్కలే వేయండి." దసరాకు, బోనాలకు ఒక పూట పండుగ తిండి తిన్నంత మాత్రాన ఏమీ చెడదు. వండిన మటన్ నాలుగు రోజులు వేడి చేసుకుంటూ తినడమే చెరుపు.

5. నడక

మొదటి వారం పూటకు 5 నుంచి 10 నిమిషాలు, ఇంటి ముందే, రోజుకు రెండుసార్లు. తర్వాత వారానికి 5 నిమిషాల చొప్పున పెంచండి. ఆరో వారానికి ఏకబిగిన 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. గుండె బలహీనంగా ఉంటే డాక్టరు చెప్పినంతే.

వేగం సరిపోయిందా అని ఇలా చూసుకోండి: నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడగలిగితే వేగం తక్కువ, మాట తెగుతుంటే ఎక్కువ. ఛాతీ బిగుతు, తల తిరగడం, గుండె దడ వస్తే ఆగి కూర్చోండి. తిన్నాక గంటన్నర ఆగి నడవండి. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు కొట్టే ఎండల్లో పొద్దున 7 లోపే ముగించండి. బీపీ గోలీలు, నీటి గోలీలు వేసుకునేవాళ్లకు ఎండలో బీపీ తొందరగా పడిపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఆ గోలీల గురించి డాక్టరుకు ఫోన్ చేయండి.

"పొలం పని చేస్తనే ఉన్న కదా, మళ్లీ నడకెందుకు?" పొలం పని కొంత లెక్కలోకి వస్తుంది. అయితే బస్తా ఎత్తడం, గడ్డపారతో తవ్వడం ఊపిరి బిగబట్టి చేసేవి, అవి గుండె మీద ఒక్కసారిగా భారం వేస్తాయి. నడక అలా కాదు. బైపాస్ అయినవాళ్లు ఛాతీ ఎముక అతుక్కునేదాకా, దాదాపు మూడు నెలలు, 5 కిలోలకు మించి ఎత్తవద్దు. అది నిండు బిందెకైనా, మనవడికైనా వర్తిస్తుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకున్నవాళ్లు నడవలేకపోవచ్చు. వాళ్లు కుర్చీలో కూర్చుని కాళ్లు ముందుకు చాచి ముడవడం 15 సార్లు, చేతులు పైకెత్తి దించడం 15 సార్లు, కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడం 8 సార్లు చేయాలి. కాసేపు ఆగి మళ్లీ, ఇలా మొత్తం పావుగంట.

ఇంట్లో అమ్మకు గుండె జబ్బైతే కథ వేరు. పదో రోజుకే పొయ్యి దగ్గరికి వస్తుంది, అందరికీ పెట్టి మిగిలింది తింటుంది, తన గోలీ చివర వేసుకుంటుంది లేదా మరిచిపోతుంది. నడకకు "ఒక్కదాన్నే ఎట్ల పోను" అంటుంది. ఆమెకు "నువ్వు నడువమ్మా" అని చెప్తే సరిపోదు. ఎవరైనా ఆ అరగంట వంట చేయాలి, ఇంకొకరు ఆమెతో డాబా మీదకో బడి గ్రౌండుకో వెళ్లాలి.

6. బీడీ, గుట్కా, కల్లు

గుండెపోటు తర్వాత పొగ మానేసినవాళ్లలో చావు ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఏ గోలీతో పోల్చినా ఇది తక్కువ లాభం కాదు. "రోజుకు రెండే" అన్నా గుండెకు నష్టం ఎక్కువే, తగ్గించడం మానడం ఒకటి కాదు. గుట్కా, జర్దా, ఖైనీ పొగ లేనివే అయినా గుండె వేగాన్ని, బీపీని పెంచుతాయి.

తారీఖు పెట్టుకుని ఆ ముందు రాత్రి ఇంట్లో, బండి డిక్కీలో, పొలం గుడిసెలో ఉన్న కట్టలు, అగ్గిపెట్టెలు, లైటర్లు తీసేయండి. యావ ఒక్కోసారి 3 నుంచి 5 నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నోట్లో సోంపు, లవంగం వేసుకోండి, నీళ్లు తాగండి, చోటు మారండి. చాయ్‌తోనే బీడీ వెలిగించే అలవాటుంటే నెల రోజులు హోటల్ దగ్గర చాయ్ మానేసి ఇంట్లోనే తాగండి. మొదటి వారం కోపం, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఉంటుంది, నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో వాళ్లు కొంచెం ఓర్చుకోవాలి. నికోటిన్ గమ్ డాక్టరును అడిగి వాడవచ్చు. మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.

కల్లు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాలమూరు జిల్లాల్లో చాలాచోట్ల దొరికేది చెట్టు కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజొలం లాంటి మత్తు మందులు కలిపిన కల్లు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు గుండెపోటుతో దవాఖానలో చేరి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, సంబంధం లేని మాటలు, ఫిట్స్ రావచ్చు. కొత్తగా స్టెంట్ పడ్డ గుండెకు అది పెద్ద గండం. కాబట్టి చేరిన రోజే "రోజుకు ఇన్ని సీసాలు తాగుతడు" అని డాక్టరుకు దాచకుండా చెప్పండి. సిగ్గుపడి దాచడం వల్లనే ప్రమాదం వస్తుంది. ఇంట్లో ఉండి మానాలన్నా సొంతంగా ఆపవద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. మందులిచ్చి మెల్లగా దించుతారు. తోటి తాగేవాళ్లు పిలిచే వేళ మాపటేలే కాబట్టి నడక ఆ వేళకే పెట్టుకోండి.

7. ఒళ్లు నొప్పులకు సూది, గోలీ వద్దు

పని మనుషులకు, ఫ్లోరైడ్ కీళ్లవాళ్లకు నొప్పి గోలీ రోజువారీ వస్తువు అయిపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ రకాలు గుండెపోటు ముప్పును పెంచుతాయి, ఒంట్లో నీరు నిలిపి బీపీ పెంచుతాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ముందుగా చెప్పాల్సిన మాట: "నాకు స్టెంట్ ఉంది, నొప్పి సూది వేయొద్దు." నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడవచ్చో డాక్టరును ఒకసారి అడిగి కాగితం మీద రాయించుకోండి. వేడి కాపడం, మోకాలి పట్టీ వాడుకోవచ్చు.

8. మనసు

గుండెపోటు వచ్చినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ పట్టుకుంటుంది. బయటికి అది మొండితనంలా కనపడుతుంది: గోలీ వేసుకోడు, లేవడు, "ఎట్లైనా పోయేదే" అంటాడు. రెండు మాటలు అడగండి. రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి లేదా? ఎక్కువ రోజులు దిగులుగా ఉంటున్నదా? ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇది తగ్గితేనే మిగతా అలవాట్లు దారికొస్తాయి.

భార్యాభర్తల సంబంధం గురించి చాలామంది అడగలేక భయంతో ఉండిపోతారు. రెండంతస్తులు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా డాక్టరును ఒక మాట అడగండి. సార్బిట్రేట్ వాడేవాళ్లు వయాగ్రా రకం గోలీలు ఎప్పుడూ వేసుకోవద్దు, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

9. పని జరుగుతోందా, చూసుకోవడం

రోజూ క్యాలెండర్ మీద మూడు గుర్తులు పెట్టండి: గోలీకి "గో", నడకకు "న", పొగ లేని రోజుకు సున్నా. పెన్ను పేషెంటు చేతిలోనే ఉండాలి. ఇంట్లోవాళ్లు పెడితే అది నిఘా అవుతుంది.

వారానికి రెండు రోజులు బీపీ చూడండి. చాయ్, బీడీ తర్వాత అరగంట ఆగాలి. 5 నిమిషాలు కూర్చుని, కాళ్లు నేలకు ఆన్చి, చేయి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రెండూ రాయండి. ఎక్కువ మందికి 130/80 లోపు ఉండాలి. పై అంకె 100 కంటే తగ్గి కళ్లు తిరుగుతుంటే ఫోన్ చేయండి, గోలీ మీరే ఆపకండి.

గుండె పంపింగ్ తగ్గినవాళ్లు రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా దవాఖానకు పోవాలి. మిగతావాళ్లకు నెలకోసారి బొడ్డు దగ్గర టేపు కొలత చాలు: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

స్టాటిన్ మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల మధ్య కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) కనీసం 70 లోపు రావాలి. ల్యాబ్ కాగితం మీద "100 లోపు నార్మల్" అని అచ్చు ఉంటుంది, అది జబ్బు లేనివాళ్లకు. 95 చూసి సంతోషపడి ఇంటికి వెళ్లకండి, డాక్టరుకు చూపించండి. షుగర్ ఉంటే మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) ఎంత ఉండాలో అడిగి రాయించుకోండి, చాలామందికి 7 లోపు. ఏడాదికోసారి ఫ్లూ టీకా గురించి కూడా అడగండి.

10. మధ్యలో ఆగిపోతే

ఒకటి రెండు రోజులు తప్పితే అలవాటు పోదు, మరుసటి రోజు కొనసాగించండి. రెండు వారాలు ఆగిపోతే నడకను పాత 30 నిమిషాల నుంచి కాక, సగం నుంచి మొదలుపెట్టండి. బీడీ ఒకటి కాల్చితే "ఇంక అయిపోయింది" అని కట్ట కొనకండి, కొత్త తారీఖు ఆ వారంలోనే పెట్టుకోండి. గోలీలు వారం ఆపేసినవాళ్లు మాత్రం సొంతంగా మళ్లీ మొదలుపెట్టకుండా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. కొన్నింటిని తక్కువ మోతాదు నుంచి ఎక్కించాల్సి ఉంటుంది.

ఏం తప్పింది అని కాకుండా, ఎక్కడ తప్పింది అని క్యాలెండర్ చూసి వెతకండి. పెళ్లికి ఊరు పోయినప్పుడా, నాట్లప్పుడా, తోడుగా నడిచేవాళ్లు ఊళ్లో లేనప్పుడా? కారణం దొరికితే వచ్చేసారికి ఒక్క వాక్యం రాసి డబ్బా పక్కన అంటించండి: "ఊరు పోతే గోలీల డబ్బా బట్టల కంటే ముందు సంచిలో పడాలి." "వాన పడితే నడక వరండాలో." "నాట్లప్పుడు నడక 15 నిమిషాలు, తెల్లవారకముందే." డాక్టరు దగ్గరికి పోయినప్పుడు బీపీ పుస్తకం, క్యాలెండర్, మిగిలిన గోలీల డబ్బా మూడూ వెంట తీసుకుపోండి. "అన్నీ వేసుకుంటున్నడు సార్" అనే మాట కంటే డబ్బాలో మిగిలిన గోలీలు చూస్తే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది.